ఆముదం బోల్టు

"...అదే నేనూ అంటన్నాను, పాత బోల్టులే ఎక్కించేయమని. నీకు అర్థం కాకపోతే మీ నాన్నని పిలు."

"నాన్నొచ్చినా అదే సెప్తాడు మావయ్యా. తీసిన బోల్టు తీసినట్టు మళ్లీ ఎక్కించం. కొత్తవి దొరక్కపోతే పాతవే వాడతాం, కాదనను. కానీ మర తోమాలి, స్పిరిట్‌తో కడగాలి, బోల్టు కదలకుండా పట్టే కొత్త గమ్ము పెట్టాలి, ఒక పూర్తి రోజు ఆరనివ్వాలి. అంతవరకూ బండి కదలదు."

"నువ్వు పుట్టకముందు నుంచీ బోల్టులు బిగిస్తన్నానే గుంటా!"

"పుట్టకముందు బిగించినవి నేనెరగను. నాకు అయిదేళ్లప్పుడు బిగించింది మటుకు బాగా ఎరుగుదును."

ఆ మాట షెడ్డు చివరిదాకా వినబడింది. వెనక రేకుల చాటున పీట మీద కూర్చుని కార్బురేటర్ కడుగుతున్న గణపతిరావు చేతిలో గుడ్డపీలిక ఆగింది. కౌంటర్ దగ్గర తన కూతురు సంధ్యారాణితో వాదిస్తున్న గొంతు ఎవరిదో అతనికి మొదటి మాటకే తెలిసింది. తెలిసీ లేవలేదు. ఆ గొంతు ఏదో ఒక పని మీద తన షెడ్డులోకి రావాలని పంతొమ్మిదేళ్లుగా కాచుకుని ఉన్నాడు. ఇంకో నిమిషం ఎక్కువేమీ కాదు.

చోడవరంలో మాడుగుల రోడ్డు మీద అతని షెడ్డు తెలియని వాళ్లు లేరు. కంపెనీలు తయారీ మానేసిన పాత బళ్లన్నీ అక్కడికే వస్తాయి. కె.కోటపాడు నుంచి పాలవాళ్లు, చీడికాడ నుంచి చెరుకు రైతులు తండ్రుల నాటి బళ్లు తోలుకొచ్చి అతని ముందు నిలబెడతారు. అతను చుట్టూ ఒకసారి తిరిగి, చెవి ఆనించి, ఏది పోయిందో చెబుతాడు. తొందరపెడితే బండి తిప్పి పంపేస్తాడు. "మంచి చెయ్యి" అంటారు అందరూ. అక్కడితో ఆపరు. "పాపం, అప్పట్లో మందే పాడు చేసింది" అని తోక తగిలిస్తారు.

గణపతిరావు జన్మలో ఒక్క చుక్క నోట్లో వేసి ఎరగడు.

పంతొమ్మిదేళ్ల కిందట అతనూ, ఉమామహేషూ అనకాపల్లి రోడ్డులో ఒకే వర్క్‌షాపులో పనిచేసేవారు. ఉమామహేష్ అతని భార్య చిన్నారికి తమ్ముడు. బావే తీసుకొచ్చి పనిలో పెట్టించాడు. ఆ ఏడు విశాఖపట్నంలో ఒక లారీల కంపెనీ గ్యారేజీకి హెడ్ మెకానిక్‌గా గణపతిరావుని తీసుకున్నారు. సోమవారం చేరాలి. శుక్రవారం నాడు తన సొంత బండి స్టాండు వంగిందని, విప్పి సరిచేయమని బావమరిదికి అప్పగించాడు. తను వేరే ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. "కొత్త బోల్టులు లేవు. పాతవే శుభ్రంగా తోమి, గమ్ము పెట్టి బిగించు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. సాయంత్రం "పెట్టేను బావా" అని బండి అప్పజెప్పాడు ఉమామహేష్.

శనివారం పొద్దున్న గణపతిరావు వడ్డాది నుంచి తిరిగి వస్తున్నాడు. చెరుకుతోటల మధ్య ఎడమ మలుపులో బండి వాల్చేసరికి స్టాండు ఒక పక్క ఊడి వేలాడి రోడ్డులో గుచ్చుకుంది. బండి అతన్ని ఎత్తి తోటలోకి విసిరేసింది. ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. మరలు కడగడానికని కొనుక్కొస్తున్న స్పిరిట్ సీసా చొక్కా జేబులో పగిలి ఒళ్లంతా తడిపేసింది.

కబురు విని మొదట పరిగెత్తుకొచ్చినవాడు ఉమామహేషే. చుట్టూ మూగిన జనం ముక్కులు మూసుకుంటున్నారు. ఆ వాసన ఏమిటో తెలిసినవాడు ఆ గుంపులో అతనొక్కడే. "ఏటి సేస్తాం, కొత్త ఉద్యోగం కదా, సంబరంలో కొంచెం పుచ్చుకున్నాడు" అన్నాడు. అన్నది ఆ ఒక్క ముక్కే. అది అంబులెన్సు కంటే ముందు చోడవరం చేరింది.

తర్వాత స్టాండుకి మిగిలిన ఒక్క బోల్టు తీసి అందరికీ చూపించాడు. మర మీద తేనెరంగులో జిగట పొర. "ఇదిగో గమ్ము. పెట్టలేదన్నవాడెవడో వచ్చి సూసుకోండి. తాగి తోలితే బోల్టేటి సేస్తాది?"

గణపతిరావు ఆసుపత్రి మంచం మీద ఆ బోల్టు అడిగి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గమ్ము కాదు. ఆముదం.

చిన్నారి పుట్టింటివాళ్లది చీడికాడ దగ్గర బెల్లం గానుగ. చెరుకు రసం తగిలిన ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది కాబట్టి వాళ్ల నాన్న ప్రతి బోల్టునీ ఆముదంలో ముంచి బిగించేవాడు. గానుగకి అది మంచి పద్ధతే. గానుగ నెమ్మదిగా తిరుగుతుంది. బండి అలా కాదు, నడిచినంతసేపూ వణుకుతూనే ఉంటుంది. నూనె తాగిన మర ఆ వణుకుకి తనంతట తానే తిరిగి ఊడుతుంది. ఉమామహేష్ గమ్ము డబ్బా వెతుక్కోవడానికి బద్ధకించి, ఇంటి అలవాటు చొప్పున బోల్టులు ఆముదంలో ముంచాడు.

గణపతిరావు ఆ బోల్టుని భార్య ముక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. "నీకు తెలియని వాసన కాదు. ఒక్కసారి సూడు."

చిన్నారి అతని చెయ్యి తోసేసింది. "మీ ఒంటి వాసన సాల్లెండి. మా తమ్ముడి మీద పడి ఏడవకండి."

అది స్పిరిట్ వాసనని ఎంత చెప్పినా, తాగినవాడి మాట ఎవరు నమ్ముతారు? లారీల కంపెనీ కూడా నమ్మలేదు. రెండు నెలలు తిరక్కుండా ఆ ఉద్యోగంలో ఉమామహేష్ చేరాడు.

ఊరు పెట్టిన పేరుతో బతకడం గణపతిరావుకి అలవాటైపోయింది. అలవాటు కానిది ఒక్కటే. రోజూ సాయంత్రం అతను ఇంటికి రాగానే చిన్నారి మంచినీళ్ల గ్లాసుతో ఎదురొస్తుంది. గ్లాసు అందిస్తూ ఒక్క అడుగు ఎక్కువ ముందుకు వేస్తుంది. ఏమీ అడగదు. ముక్కుపుటాలు ఒకసారి కదులుతాయి. అప్పుడు వెనక్కి తగ్గి అన్నం వడ్డిస్తుంది. పంతొమ్మిదేళ్లలో ఒక్క సాయంత్రం కూడా ఆ అడుగు మానలేదు. ఆ బోల్టు ఒక రేకు డబ్బాలో, షెడ్డు గూట్లో, దేవుడి పటం వెనక ఉంది.

గణపతిరావు చేతులు తుడుచుకుని, కుంటుతూ బయటికి వచ్చాడు.

"రా బావా, రా. నీ కూతురు నాకు పాఠాలు సెప్తంది" అన్నాడు ఉమామహేష్ నవ్వుతూ. కౌంటర్ మీద మాడుగుల హల్వా పెట్టె ఉంది. అతని జుట్టుకి రంగు, మెడలో సన్నటి గొలుసు. పక్కన నిలబడి ఉన్న బండిని చూసి గణపతిరావు ఒక్క క్షణం ఆగాడు. చచ్చిపోయిన మావగారి బండి అది. ఆయన దాని మీద బెల్లం దిమ్మలు వేసుకుని సంతకి వెళ్లేవాడు. ఇప్పుడు టాంకు మీద కొత్త ఎర్ర రంగు మెరుస్తోంది. కింద స్టాండు మాత్రం తుప్పుపట్టి పొలుసులు లేచి ఉంది.

"ఆదివారం విశాఖలో పాత బళ్ల ర్యాలీ బావా. బీచి రోడ్డులో అన్నీ వరసలో నిలబెడతారు. రెండు గంటలు అలాగే ఉంచాలి. జనం వస్తారు, ఫొటోలు తీస్తారు. మా ఆఫీసోళ్లందరికీ సెప్పేసేను. స్టాండే ఇలా ఏడుస్తంది. విశాఖలో ఒక్కడికీ పాత పని రాదు. తుప్పు గోకి, రంగు కొట్టి, స్ప్రింగు మార్చి ఇచ్చేయ్."

"బోల్టులో?"

"ఉన్నవే. నాలుగేళ్ల కిందట నా సేత్తో బిగించినవి, అప్పట్నుంచీ బండి బయటికి తీసింది తక్కువే. గమ్ము పెట్టే బిగించేను. డోకా లేదు."

"నా బండికి బిగించినట్టేనా?"

ఉమామహేష్ నవ్వు సగంలో ఆగి, మళ్లీ సాగింది. "ఇంకా అదే పట్టుకుని ఊగుతావేటి బావా! అవును, నీ బండికి బిగించినట్టే. రేపు సాయంత్రం వస్తాను."

"సరే. రేపు సాయంత్రం రా."

"అదీ మాట! సూసేవా గుంటా, మీ నాన్న ఎంత తొందరగా ఒప్పుకున్నాడో?"

సంధ్యారాణి తండ్రి మొహం వైపు చూసి నోరు మూసుకుంది. తొందరపెట్టినవాడికి ఆయన సరే అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

అతను ఆటో ఎక్కి వెళ్లిపోయాక తండ్రీకూతుళ్లిద్దరూ బండిని రిపేరు దిమ్మ మీదకి ఎక్కించారు. ఆ బండికి సెంటర్ స్టాండూ, సైడ్ స్టాండూ ఒకే పట్టీకి ఉంటాయి. ఆ పట్టీని ఫ్రేముకి రెండే రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. గమ్ము పట్టిన బోల్టు ఊడాలంటే పొడుగాటి స్పానర్ వేసి ఒంటి బరువంతా మోపాలి, అప్పుడది టక్కున అరిచి లొంగుతుంది. సంధ్యారాణి స్పానర్ వేసి కొంచెం కదిపింది.

"నాన్నా, ఇది సేత్తోనే వచ్చేస్తంది."

రెండో బోల్టూ అంతే. ఆమె దాన్ని వెలుతురులో తిప్పి చూసింది. గమ్ము ఎండితే గోటికి పొడిలా రాలాలి. ఇది వేలికి అంటుకుంటోంది. తేనెరంగు జిగట. వాసన చూసి తండ్రికి అందించింది. ఆయన వాసన చూడలేదు. చూడాల్సిన పని లేదు.

"నువ్వు స్టాండు రంగు పని సూడు. ఇవి నా దగ్గరుంటాయి" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సంధ్యారాణి భోజనానికి వెళ్లింది. రంగు కొట్టిన స్టాండు ఎండలో ఆరుతోంది. గణపతిరావు దిమ్మ కింద కూర్చుని ఆ రెండు బోల్టులూ అరచేతిలో పెట్టుకున్నాడు. తోమలేదు, కడగలేదు. ఒకదాన్ని ఫ్రేము కన్నంలో పెట్టి వేలితో తిప్పాడు. పిల్లి అడుగులా చప్పుడు లేకుండా లోపలికి పోయింది.

ఎంత సులువు! ఉన్నవి ఉన్నట్టు బిగించి ఇచ్చేస్తే చాలు. అడిగింది వాడే. సాక్ష్యానికి కూతురుంది. ఇక్కణ్నుంచి విశాఖ దాకా వాడు తోలుకుపోవాలి, దారంతా గతుకులు, మలుపులు. ఏదో ఒక ఎడమ మలుపులో వాడు పాటలు విజిలేసుకుంటూ బండి వాలుస్తాడు. వాడి కాలు మోకాలి కింద ఎక్కడ విరగాలో కూడా గణపతిరావు ఎంచుకున్నాడు. తనకి విరిగిన చోటే, రెండు చోట్ల. ఆ తలపు అతనికి చల్లటి మజ్జిగలా దిగింది. రెండో బోల్టు కూడా కన్నంలో పెట్టాడు.

పెట్టి, అక్కడే ఆగాడు.

వాడు పడితే ఏమవుతుంది? జనం మూగుతారు. పాపం అంటారు. చిన్నారి ఆసుపత్రికి పరిగెత్తి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంటుంది. ఊరు ఏమంటుందో కూడా అతనికి వినబడింది. 'తాగుబోతు గణపతి బావమరిది బండికి బోల్టు బిగించలేకపోయేడు.' పడ్డవాడి మీద జాలి పడతారు. తను పడ్డప్పుడు ఆ జాలి కూడా వాడే నొక్కేశాడు. ఇప్పుడు మళ్లీ తన చేత్తో తీసి ఇవ్వడమా?

వాడు పడకూడదు. నిటారుగా నిలబడి ఉండగా, అందరూ చూస్తుండగా జరగాలి.

రెండు బోల్టులూ తిప్పి బయటికి తీశాడు. కూతురు తిరిగి రాగానే చెప్పాడు: "సాయంత్రం మీ అమ్మని తీసుకురా. తమ్ముడు వస్తన్నాడని సెప్పు. లేకపోతే రాదు."

చిన్నారి ఉతికిన చీర కట్టుకుని, తమ్ముడి కోసం గిన్నెలో పులుసు పెట్టుకుని వచ్చింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె షెడ్డులోకి రావడం నాలుగోసారో అయిదోసారో. వచ్చీ రాగానే బండి చూసి టాంకు మీద చెయ్యి వేసింది. "నాన్న బండే" అంది. ఉమామహేష్ అప్పటికే కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, టీ తాగుతూ, పక్క టైరు షాపు కనకదుర్గతో విశాఖ కబుర్లు చెబుతున్నాడు. టైరు షాపు కనకదుర్గకి తెలిసిన సంగతి ఊరికి తెలియడానికి అరపూట చాలు. అందుకే గణపతిరావు ఆమెకి కూడా టీ చెప్పించాడు.

"ఇంకా బిగించలేదేటి బావా?" అన్నాడు ఉమామహేష్, నేల మీద ఉన్న స్టాండు చూసి.

"ఒక్క పని మిగిలింది. చిన్నారీ, ఇలా రా. నీతో పనుంది."

"నాతో ఏటి పనండి, ఈ ఇనుములో?"

"నీ ముక్కుతో."

కనకదుర్గ ఫక్కున నవ్వింది. చిన్నారి మొహం ఎర్రబడింది. గణపతిరావు నవ్వలేదు. చిన్న గ్యాసు పొయ్యి వెలిగించాడు. బల్ల మీద రెండు బోల్టులు, పక్కన ఒక రేకు డబ్బా పెట్టాడు. మొదటిదాన్ని పటకారుతో పట్టుకుని మంట మీద పెట్టాడు. అది ఎవరో పాలవాడి బండిది. మర మీది నీలపు పొర సన్నగా పొగ చిమ్మి, తెల్లబడి, పొడిలా రాలింది.

"ఇది గమ్ము. సూసేవా?"

"సూసేను. సేదు పొగ" అంది చిన్నారి.

రెండోది మంట మీద పెట్టాడు. ముందు మర మీద చిన్న బుడగలు లేచాయి. తర్వాత షెడ్డంతా కమురు కంపు కమ్ముకుంది. చిన్నారి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి మానేసింది. ముందుకి వంగింది. రోజూ సాయంత్రం గ్లాసుతో వేసే ఆ ఒక్క అడుగూ వేసింది.

"ఇది గానుగ వాసన" అంది. "ఇది నాన్న సేతుల వాసన. ఎక్కడిదండి?"

"ఈ బండిదే. నీ తమ్ముడు గమ్ము పెట్టి బిగించిన బోల్టు."

ఉమామహేష్ టీ గ్లాసు కింద పెట్టాడు. కనకదుర్గ అతని వైపు చూసింది. ఆ చూపు అతను తట్టుకోలేకపోయాడు. విశాఖలో పది మంది మెకానిక్కులు అతన్ని సార్ అంటారు.

"ఆముదమైతే ఏటంట?" అన్నాడు. "మా నాన్న నలభై ఏళ్లు ఆముదమే రాసేడు. గానుగ బోల్టు ఒక్కటి ఊడిందేటి? గమ్మూ గిమ్మూ అని మీరే బెదిరిపోతారు గానీ, నేను ఏ బండికైనా ఆముదమే. ముప్ఫై ఏళ్లుగా నాకిదే అలవాటు!"

తను ఏమన్నాడో అతనికి అప్పుడు వినబడినట్టుంది.

గణపతిరావు దేవుడి పటం వెనక నుంచి తెచ్చిన రేకు డబ్బా మూత పక్కన పెట్టి, మూడో బోల్టు పటకారుతో పట్టుకున్నాడు. నల్లగా, తుప్పు పట్టి, తల అరిగి ఉంది. మంట మీద పెట్టాడు. చాలాసేపు ఏమీ కాలేదు. పటకారు అలాగే పట్టుకున్నాడు. చివరికి మరల సందుల్లోంచి సన్నటి పొగ లేచింది. అదే కమురు.

చిన్నారి ఈసారి వంగక్కరలేకపోయింది.

"ఇది?"

"వడ్డాది మలుపుది. ఆసుపత్రిలో నీ ముక్కు దగ్గరికి తెచ్చినదే."

ఆమె బోల్టు వైపు చూడలేదు. మొగుడి ఎడమ కాలి వైపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే ఉమా. ఆముదం సంగతి అలా ఉంచు. ఆ రోజు ఆయన ఒంటి మీద వాసన ఏటిది?"

"అక్కా, ఎప్పటి సంగతో..."

"ఏటిదని అడుగుతన్నాను."

"స్పిరిట్టు" అన్నాడు ఉమామహేష్, గొంతు తగ్గించి. "బోల్టులు కడిగే స్పిరిట్టు. సీసా పెంకులు నేనే ఏరి తోటలో పారేసేను. నాకప్పుడు ఇరవైనాలుగేళ్లక్కా. బోల్టు నేనే బిగించేను కదా, జైల్లో పెడతారేమోనని బయమేసింది. నోటికొచ్చింది అనేసేను. అది ఇంత దూరం పోద్దనుకోలేదు."

"ఇంత దూరం పోయినాక ఎనక్కి పిలవలేదేం మావయ్యా?" అంది సంధ్యారాణి.

"నువ్వూరుకో. పెద్దోళ్ల మధ్య నీకేటి?"

"పెద్దోళ్లెవరూ మాటాడ్డం లేదు గదా."

కనకదుర్గ నోరు నొక్కుకుంది. ఆమె కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. పొద్దు గూకేలోపు ఈ మాట మాడుగుల బస్సు ఎక్కుతుందని గణపతిరావుకి తెలుసు. పొయ్యి ఆర్పాడు. పంతొమ్మిదేళ్లు అనుకున్నది ఇంతే. ఇక్కడితో కడుపు నిండాలి. కానీ నిండలేదు. వాడు కుర్చీలోంచి లేచి, ప్యాంటు దులుపుకుని, మళ్లీ ఎప్పటి మనిషి అయిపోతున్నాడు.

"సరే బావా. అయిందేదో అయింది. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. మనలో మనం తర్వాత సూసుకుందాం గానీ, ఆదివారం ర్యాలీ ఉంది. మా ఎండీ గారు కూడా వస్తన్నారు. ఆ స్టాండు బిగించెయ్. నీ ఇష్టం వచ్చిన గమ్మే పెట్టు."

గణపతిరావు జవాబు చెప్పే లోపల చిన్నారి పులుసు గిన్నె కూతురి చేతికి ఇచ్చి కదిలింది. నేల మీద గుడ్డ పరిచి పెట్టిన స్టాండుని రెండు చేతులా ఎత్తింది. నల్ల రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఉతికిన చీరకి అంటుకుంది. ఆమె చూసుకోలేదు.

"అక్కా, జాగ్రత్త, రంగు..."

"నాన్న బండి మొత్తం నువ్వే పట్టుకుపోయేవు. నేనేటీ అడగలేదు" అంది చిన్నారి. "ఈ స్టాండు నేను ఉంచుకుంటన్నాను. బండి ఇప్పుడే తీసుకుపో. ఆదివారం ఆ రెండు గంటలూ నువ్వే పట్టుకుని నిలబడు. స్టాండేదని అడిగినోళ్లందరికీ, ఎందుకు లేదో సెప్పు."